చప్పుడు పోయిన బండి

బాగు చేశారండీ, నేను కాదనట్లేదు. బండి నున్నగా వెళ్తోందనే అంటున్నారు అందరూ. నేనొక్కదాన్నే పొద్దున్నే ఇంతదూరం వచ్చి, ఎందుకు బాగుచేశారండీ అని అడిగితే మీకు విడ్డూరంగానే ఉంటది. ఉండనీండి.

లేవకండి, లేవకండి అన్నయ్యగారూ. మీ పని మీరు చేసుకోండి. చేతుల నిండా గ్రీజు పెట్టుకుని ఆ కుర్చీ దులపకండి, ఇదిగో ఈ టైరు మీద కూచుంటా. ఆబిదా వదినగారికి చెప్పకండి, టీ అంటూ హడావుడి చేస్తారు. ఈ మధ్య టీ తాగట్లేదు నేను. తాగినా తాగినట్టుండదు.

గుర్తుపట్టారు గదా? రాహేల్నండీ. ఏసుబాబు గారి భార్యని. గిలకలదిండి నుంచి గుడివాడకి చేపల గంపలు వేసుకెళ్ళే డీజిల్ ఆటో, నీలం టాపుది. ఆయన పోయాక మా అబ్బాయి ఉదయ్ కిరణ్ నడుపుతున్నాడు. ఆయన పేరున ప్రార్థన పెట్టినప్పుడు, ఆదరణ కూడికకి మా ఇంటికొచ్చారు మీరు. పాటలు పాడుతుంటే వెనక కుర్చీలో తల వంచుకుని కూచున్నారు. నేను చూశా. ఆ రోజు అన్నీ చూశా. షామియానాకి ఒక మూల చిరుగుంది, అది కూడా చూశా. అందరూ ఏడుస్తున్నారు, నాకు పనేం లేదు మరి.

బండికేంటి కంప్లైంటు అంటారా? ఏం లేదండీ. పొగ లేదు, ఎత్తు రోడ్డు మీద లాగుతోంది, డీజిల్ కూడా తక్కువే తాగుతోందంట. అన్నీ బాగున్నాయి.

చప్పుడు లేదండీ.

అదేనండీ నా కంప్లైంటు. అట్టా చూడకండి.

మీరు ఆ మందు పోశారు గదా, సీసాలో వస్తది, డీజిల్లో కలిపేది. ఇంజన్లో పట్టిన మసంతా కరిగించి బయటికి తోసేస్తదంటగా. మా వాడు చెప్పాడు. నాజిల్ మూతి దగ్గర మసి గడ్డకట్టిందమ్మా, డీజిల్ సరిగా చిమ్మట్లేదు, అందుకే ఆ కొట్టుడు అన్నాడు. నాకేం తెలుసు? బండి సంగతి వాడికే తెలియాలి, ఊఁ అన్నా.

మొదటి సీసా వాడే పోసుకున్నాడు. ఆ రోజు పెడన సెంటర్లో ఎంత పొగ వదిలిందనీ! బస్సులో వాళ్ళు కిటికీ అద్దాలు మూసుకున్నారంట. మర్నాడు గుడ్లవల్లేరు దగ్గర ఆగిపోయింది. కరిగిన మడ్డంతా వచ్చి ఫిల్టర్లో ఇరుక్కుందంటగా. గంపల్లో ఐసు కరిగి నీళ్ళు కారతన్నాయి. కనకరత్నం ఉంది చూడండి, మా బండిలో గంపలేసుకునేవాళ్ళకి పెద్ద, ఆవిడ మా వాణ్ణి నడిరోడ్డు మీద నిలబెట్టి తిట్టింది. మీ నాన్న ఉండగా ఒక్కనాడు ఆగిందా ఈ బండి, నీకెందుకురా ఈ రిపేర్లూ అంది. నిజమేగా. అప్పుడు తోసుకుంటూ మీ దగ్గరికి తెచ్చాడు. మీరు ట్యాంకు కడిగి, ఫిల్టరు మార్చి, ఆయిలు మార్చి, ఇంకో సీసా పోసి పంపించారు.

మీ పనితనం సంగతి చెప్పక్కర్లేదు. ఇమామ్ సాహెబ్ గారి షెడ్డులో పెడితే బండికి ప్రాణం లేచొస్తదే రాహేలూ అనేవారు మా ఆయన.

సరే, వచ్చిందండీ ప్రాణం. చప్పుడు పోయింది.

మీకు తెలియని చప్పుడా? రెండు కొట్లు కొట్టి, ఒక దగ్గు దగ్గి, మళ్ళీ ఒక కొట్టు. టక్ టక్, కుహుఁ, టక్. కళ్ళు మూసుకుని చెప్తా ఇది ఏసుబాబు బండని, అని మీరే అన్నారంటగా. ఆ మాట ఎన్నిసార్లు చెప్పారో ఇంట్లో. మెచ్చుకున్నారనుకున్నారు పాపం.

బందర్లో డీజిల్ ఆటోలకి కొదవా? అన్నీ మోతే. కానీ మా ఇంటి వెనక కాలవ వంతెన ఉంది చూడండి, అది ఎక్కుతుంటే మాది వేరే. పక్కింటివాళ్ళ టీవీ ఎంత పెట్టి ఉన్నా నాకు వినపడేది. వినపడగానే లేచి పులుసు గిన్నె స్టవ్ మీద పెట్టేదాన్ని. ఆయనకి అన్నం చల్లారినా పర్లేదు, పులుసు మాత్రం కాలాలి. బండి వంతెన దిగి, సందు తిరిగి, గుమ్మం ముందు ఆగేలోపు పులుసు వేడెక్కేది. పెళ్ళైన కొత్తల్నుంచీ మా ఇంట్లో గడియారం అదేనండీ.

ఆయన పోయిన రోజు కూడా అంతే.

మధ్యాహ్నం. ఆ వేళకి రారు. వంతెన మీద కొట్టుడు వినపడింది. ఇదేంటి ఇవాళ ఇంత పెందలాడే అనుకున్నా. గిన్నె పెట్టా. గుమ్మంలోకొచ్చా.

నడిపేది ఎవరో. ఆయన వెనక ఉన్నారు, కనకరత్నం ఒళ్ళో తల పెట్టుకుని. గుడ్లవల్లేరు దాటాక గుండెల్లో పట్టేసిందంట. బండి పక్కకి దింపి, బ్రేకేసి, హేండిల్ మీద తల ఆనించారంట. ఒక్క గంప కూడా ఒరగలేదంట. ఇంజను మాత్రం ఆపలేదు. గుడివాడ ఆస్పత్రిలో అప్పటికే అయిపోయిందన్నారు. ఆ బండిలోనే ఇంటికి తెచ్చేశారు. చీరల నిండా పొలుసులు వాళ్ళకి, చేపలు ఏం చేశారో అడగలేదు నేను.

నేనేం చేశానో తెలుసా అండీ? లోపలికెళ్ళి స్టవ్ కట్టేశా. పులుసు మాడిపోద్దని.

అప్పట్నుంచీ ఇంతేనండీ. పన్ను పీకేటప్పుడు మత్తు సూదిస్తారు చూడండి, లాగుతున్నారని తెలుస్తది, నెప్పి తెలీదు. పాస్టరమ్మగారొచ్చి ఏడువమ్మా, ఏడిస్తే భారం దిగుద్ది అన్నారు. భారమేం లేదండీ అన్నా. నిజంగానే లేదు. అంట్లు తోముతున్నా, బట్టలుతుకుతున్నా, ఆదివారం చర్చికెళ్తున్నా. ఎవరైనా పలకరిస్తే పలుకుతున్నా. ఏదీ తగలట్లేదు.

ఒక్క ఆ కొట్టుడు తగిలేది.

మా వాడు బండెక్కాక మొదటి రోజు సాయంత్రం, వంతెన మీద టక్ టక్ అంది. నేను లేచా. గిన్నె పెట్టా. గుమ్మంలోకి పరిగెత్తా. ఆయన లేరని తెలుసండీ. పిచ్చిదాన్ని కాదు. సమాధికి సున్నం వేయించింది నేనే. కానీ వంతెన దగ్గర్నుంచి గుమ్మం దాకా ఆయన వస్తున్నారు. ఆ కాసేపూ వస్తున్నారు. బండి ఆగాక రారు, అది వేరే సంగతి.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. రోజంతా ఏం లేకపోయినా సాయంత్రం ఆ కాసేపు నా గుండె కొట్టుకునేది. కాళ్ళూ చేతులూ నావే అనిపించేవి. దాని కోసం రోజు గడిపేదాన్నండీ. సిగ్గు లేకుండా చెప్తున్నా.

మా వాడా? వాడు మంచి పిల్లాడండీ. మాట తక్కువ, అంతే. బండి ఆపాక వెంటనే దిగడు. సీట్లోనే కూచుంటాడు కాసేపు. ఫోను చూసుకుంటాడేమో అనుకునేదాన్ని. నేను లోపలికెళ్ళాక మెల్లిగా వస్తాడు, కాళ్ళు కడుక్కుంటాడు, కంచం ముందు కూచుంటాడు. పెట్టింది తింటాడు.

మొన్న మీరు రెండో సీసా పోసి పంపించిన సాయంత్రం, పెరట్లో ఎండురొయ్యలు ముందేసుకుని కూచున్నా తలలు తీస్తా. చీకటి పడతంది. వంతెన మీద ఏవేవో వెళ్తున్నాయి. మాది రాలా. ఏమైందో, మళ్ళీ ఆగిందేమో అనుకున్నా. రొయ్యలన్నీ అయిపోయాయి. లేచి లోపలికెళ్తే వాడు వంటింట్లో ఉన్నాడు. తనే వడ్డించుకుని, గోడ వైపు తిరిగి తింటున్నాడు. పులుసు చల్లగానే పోసుకున్నాడు.

ఎప్పుడొచ్చావురా అనలేదు నేను. నాన్న బండేదిరా అన్నా.

బయటుందమ్మా అన్నాడు.

వెళ్ళి చూశా. ఉంది. ఇంజను మూత మీద చెయ్యి పెట్టా, వేడిగా ఉంది. వచ్చిందన్నమాటే. నా చెవి పక్క నుంచే వచ్చిందన్నమాట, నేను పెరట్లో రొయ్యలు వలుస్తుంటే.

అప్పట్నుంచి సాయంత్రాలు కూడా లేవండీ నాకు.

ఇదిగో ఈ క్యాను చూడండి. సంచిలో ఏంటా అని ఇందాకట్నుంచీ చూస్తున్నారుగా. బోటు డీజిలండీ. గిలకలదిండి వెళ్ళి నేనే తెచ్చా, మా ఆయన తెచ్చుకునే చోటునుంచే. ఆయన ఏనాడైనా బంకులో నిండా పోయించారా? బోట్ల వాళ్ళ దగ్గర అడుగూ బొడుగూ మిగిలింది క్యాన్లలో ఇచ్చేవాళ్ళు. అందులో ఉప్పు నీళ్ళు, తుప్పు, ఏవేవో. మీరు తిట్టేవారంట, ఈ కషాయం పొయ్యకయ్యా ఇంజను పోద్ది అని.

అది వడకట్టేది నేనేనండీ. నా పాత నేతచీర ముక్క నాలుగు మడతలేసి గరాటు మీద పరిచేదాన్ని. ఆయన క్యాను వంచేవారు, నేను గుడ్డ జారకుండా పట్టుకునేదాన్ని. మెల్లిగా, మెల్లిగా అనేదాన్ని. నువ్వు చెయ్యి వణికించకే అనేవారు. శనివారం సాయంత్రం ఆ పని. ఆదివారం ప్రార్థనలో చేతులు ముఖం దగ్గర పెట్టుకుంటే డీజిలు కంపు, ఎన్ని సబ్బులు రుద్దినా. పక్కన కూచున్నావిడ జరిగి కూచునేది. మాకు నవ్వొచ్చేది. ఆయన మగవాళ్ళ వైపు నుంచి నన్ను చూసి నవ్వేవారు.

ఎంత వడకట్టినా దిగేది దిగేది గదండీ. ఆ దిగిందేగా అక్కడ గడ్డకట్టింది? ఆ కొట్టుడు దానిదేగా? అంటే అది మేమిద్దరం కలిసి పోసింది. ఇన్నేళ్ళూ, ఇద్దరం పట్టుకుని. మీరు కడిగి పారబోసింది అదేనండీ. మీకు మసి. మీ తప్పని అనట్లేదు, మీకెట్టా తెలుస్తది?

అందుకని వచ్చా. ఆ మసి మళ్ళీ పట్టించండి.

నవ్వకండి.

నవ్వట్లేదా? సరే. నవ్వినా ఏం అనుకోను. బండి బాగుచెయ్యమని వస్తారు అందరూ. పాడుచెయ్యమని ఎవరూ వచ్చుండరు ఈ షెడ్డుకి.

రేపు ఆయిలు చూపించుకోడానికి వస్తాడంటగా మీ దగ్గరికి. అప్పుడు ఈ క్యాను పోసెయ్యండి ట్యాంకులో. వాడికి చెప్పొద్దు. వడకట్టొద్దు కూడా. తొందరగా మసి పట్టుద్దిగా అట్టాగైతే? మళ్ళీ వారం ఇంకో క్యాను తెచ్చిస్తా.

నాజిల్ పోతదా? పోనీండి. పంపు పట్టేస్తదా? ఆగిపోద్దా రోడ్డు మీద? ఆగితే ఆగుద్ది. వాడి తిండి దాని మీదే అని నాకు తెలీదా అన్నయ్యగారూ? తెలుసు. తెలిసే అడుగుతున్నా. చూడండి ఎట్టా అడుగుతున్నానో. నాకే వింతగా ఉంది.

కాలితో నెట్టకండి దాన్ని. ఒలికిపోద్ది.

అయినా వాడికి ఈ మందు సంగతి చెప్పిందెవరు? మీరు కాకపోతే ఎవరు చెప్తారు? మంచి మెకానిక్కు అంటే అంతే మరి, దేన్నీ ఉన్నట్టు ఉండనివ్వరు. చెవికి నున్నగా ఉండాలి మీకు.

ఏంటి? కాదా?

మీరు వద్దన్నారా?

వాడు ముందే ఒకసారి వచ్చాడా మీ దగ్గరికి, సీసా కొనకముందు? ఇంజనుకి జబ్బేం లేదురా, ఆ కొట్టుడు దాని వయసుది, ఉండనీ, కదిలిస్తే మడ్డంతా లేచి నీ నెత్తి మీదకొస్తది అని చెప్పారా? మీరే చెప్పారా? మరి వినలేదేం వాడు? వాడు మీ మాట దాటడే. మావయ్యా మావయ్యా అంటాడు మిమ్మల్ని.

మైలేజీ కోసం అయ్యుంటది. కుర్రాడు గదా, లెక్కలేసుకుని ఉంటాడు.

కాదా? మైలేజీ అడగనేలేదా?

ఆ పానా కింద పెట్టండి అన్నయ్యగారూ. అటు తిరిగి ఏం వెతుకుతున్నారు? అక్కడేం లేదు. చెప్పండి. నాకేం కాదు, చెప్పాగా, నాకు ఏదీ తగలదు. వాడేమన్నాడో చెప్పండి.

మళ్ళీ చెప్పండి. వాడన్నట్టే.

'ఆ చప్పుడు వినపడగానే అమ్మ గుమ్మంలోకి పరిగెత్తుకొస్తది మావయ్యా. ముఖం ఎట్టా ఉంటదంటే, నవ్వుతా ఉంటది. నేను దిగుతా. నన్ను చూసి లోపలికెళ్ళిపోద్ది. రోజూ ఇంటికెళ్ళి, నాన్న చచ్చిపోయాడమ్మా అని నేనే చెప్పినట్టుంటది. నా వల్ల కావట్లేదు. బండేమైనా పర్లేదు, ఆ చప్పుడు తీసెయ్యి.'

అట్టా అన్నాడా? ఇక్కడే? ఈ టైరు మీదే కూచునా?

ఏడ్చాడా?

ఆఁ. ఏడ్చాడన్నమాట.

మంచినీళ్ళొద్దండీ. వదినగారూ, వద్దండీ, ఇప్పుడేగా వచ్చా. సరే, ఇవ్వండి. ఇట్టా పెట్టండి.

అందుకన్నమాట సీట్లో కూచునేది. నేను ఫోననుకున్నా. నేను లోపలికెళ్ళేదాకా ఆగేవాడు, నా ముఖం చూడకుండా. ఎంతసేపు కూచునేవాడో. దోమలు కుడతా ఉంటాయి ఆ సందులో.

నిజమేనండీ. వెళ్ళిపోయేదాన్ని. వాడు అబద్ధం చెప్పలేదు. ఉన్నదే చెప్పాడు. చీకటితో లేచి వెళ్తాడు, చేపల నీళ్ళతో తడిసి వస్తాడు, పాతిక దాటని పిల్లాడు. వచ్చావా అని అనలేదు నేను. ఒక్కసారైనా అన్నానేమో అని ఇప్పుడు ఆలోచిస్తున్నా. అన్నట్టు గుర్తు రావట్లేదు. వేడి పులుసు వాడికే పోశాను గానీ, వాడి కోసం పెట్టలేదండీ గిన్నె. అది వాడికి తెలిసిందన్నమాట. తెలిసే తిన్నాడు ఇన్నాళ్ళూ.

వాడికీ తండ్రేగా పోయింది.

ఇక్కడ ఏడవాలి గదండీ ఎవరైనా? చూడండి, పొడిగా ఉన్నాయి కళ్ళు. ఏం చెయ్యమంటారు? పోనీండి. మీరెందుకండీ కళ్ళొత్తుకుంటారు? ఆ గ్రీజు చేత్తో. మండుతుంది, కడుక్కోండి.

ఈ క్యాను ఇక్కడే ఉంచేస్తా. సామాన్లు కడుక్కోడానికి పనికొస్తదిగా మీకు. మోసుకెళ్ళలేను మళ్ళీ.

ఆ గుడ్డ మాత్రం ఇటివ్వండి. క్యాను మూతికి చుట్టా, అదే. వడకట్టొద్దని మీకు చెప్తూనే గుడ్డ తెచ్చా చూడండి, అలవాటు. అది నాకు కావాలి.

నేనొచ్చానని వాడికి చెప్పకండి. చెప్పినా పర్లేదులెండి. మీ ఇష్టం.

ఒక్కటే చిక్కండీ. వాడు వంతెన ఎక్కేది నాకు ఇక తెలీదు. పులుసు ఎప్పుడు పెట్టాలో తెలీదు. వేడి చెయ్యమ్మా అని అడగడు వాడు, చల్లగానే తినేసి లేచిపోతాడు. ముందే పెడితే మాడుద్ది. చెవులతో పని జరగదిక. సాయంత్రం అయ్యేసరికి గుమ్మంలో కూచోవాలి, సందు మొగ కనపడేట్టు, చూస్తా.

చూస్తే వాడే కనపడతాడు. చప్పుడైతే ఆయన. చూస్తే వాడే.

ఏం చేస్తాం. చూడాలి మరి. వస్తానండీ.